నట్టు ఎక్కట్లేదా? ఆగండి! స్టీరింగ్ పనిలో "అడ్జస్ట్ చేసేద్దాం" అనే మాట వద్దు

ఈసారి ఎపిసోడ్ మీ కామెంట్స్‌లోంచే పుట్టింది. పోయిన వీడియోలో టై రాడ్ ఎండ్ అరిగితే ఎలా కనిపెట్టాలో చెప్పాను కదా, దాని కింద మూడు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వచ్చాయి. "అన్నా, కొత్త టై రాడ్ ఎండ్ తెచ్చా, నట్టు రెండు చుట్లు ఎక్కి ఆగిపోతోంది." "అన్నా, నట్టు తిప్పుతుంటే లోపల బోల్టు కూడా దాంతోపాటే తిరిగేస్తోంది." "మా మెకానిక్ గారు కింద ఒక వాషర్ వేసి బిగించేశారు, పర్లేదా?"

మూడింటికీ వెనకున్న జవాబు ఒక్కటే. స్టీరింగ్‌లో నట్టు కూర్చోలేదంటే అది మీతో ఏదో చెబుతోంది. ముందు వినండి, తర్వాత బిగించండి. కోడ్ రాసేవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా: నట్టు ఎక్కకపోవడం కంపైల్ ఎర్రర్ లాంటిది. షెడ్‌లో కనిపించింది, అదృష్టం. దాన్ని పొడుగు పైపు పెట్టి బలవంతంగా నొక్కేస్తే అదే ఎర్రర్ రోడ్డు మీద, 60 స్పీడ్‌లో కనిపిస్తుంది.

మన ఏరియాలో రోడ్డంటే ఏంటో మీకు తెలుసు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా అంతా కాలువలే, ఆ కాలువ గట్లే చాలా చోట్ల మన రోడ్లు. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరిచేను, మధ్యలో ఎదురుగా చేపల లారీ. స్టీరింగ్ ఒక్క క్షణం మాట వినకపోయినా పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. అందుకే ఈ చిన్న నట్టు గురించి ఇంతసేపు మాట్లాడుతున్నాను.

"ఒక్క బోల్టుకి ఇంత సీనా?" అనుకుంటారేమో. కంపెనీలు ఏం చేశాయో చూడండి. 2018 మార్చిలో ఫోర్డ్ అమెరికా వైపు ఫ్యూజన్, లింకన్ ఎంకేజీ కార్లు సుమారు 13.8 లక్షలు వెనక్కి పిలిచింది. కారణం, స్టీరింగ్ వీల్‌ని పట్టుకునే బోల్టు లూజయ్యే అవకాశం ఉండటం. పరిష్కారం ఏంటో తెలుసా? ఇంకాస్త పొడుగు బోల్టు. అంటే ఎక్కువ త్రెడ్లు పట్టేలా చేశారు. అదే నెలలో టెస్లా 2016 ఏప్రిల్‌కి ముందు తయారైన మోడల్ ఎస్ కార్లు 1,23,000 రీకాల్ చేసింది. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల పవర్ స్టీరింగ్ బోల్టులు తుప్పు పడుతున్నాయని. మన దేశంలో 2023 జులైలో మారుతి సుజుకి ఎస్‌ప్రెస్సో, ఈకో కార్లు 87,599 వెనక్కి పిలిచింది. 2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 మధ్య తయారైనవి. స్టీరింగ్ టై రాడ్‌లో ఒక భాగం అరుదుగా విరిగే ప్రమాదం ఉందని. మీ ఇంట్లో ఆ రోజుల్లో కొన్న బండి ఉంటే చాసిస్ నంబరు పెట్టి రీకాల్ చెక్ చేయించండి, అది ఉచితం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టై రాడ్ ఎండ్ చక్రాన్ని ఎలా పట్టుకుంటుంది? స్టీరింగ్ రాక్ నుంచి ఒక రాడ్ వస్తుంది. దాని చివర ఒక బాల్ జాయింట్. ఆ జాయింట్‌లోంచి బయటికొచ్చిన బోల్టుని స్టడ్ అంటాం. స్టడ్ పైనుంచి కిందకి ఒకే లావు ఉండదు, సన్నబడుతూ వస్తుంది. దాన్నే టేపర్ అంటారు. చక్రం వైపు, అంటే నకిల్‌లో ఉండే రంధ్రం కూడా సరిగ్గా అదే టేపర్‌లో ఉంటుంది. నట్టు బిగిస్తే స్టడ్ ఆ రంధ్రంలోకి దిగి బిర్రుగా పట్టేస్తుంది. రోలు అడుగున గూటం కొట్టినట్టు అనుకోండి. అంటే చక్రం తోసే బలాన్ని మోసేది టేపర్, నట్టు కాదు. టేపర్‌ని దాని చోట నొక్కి ఉంచడమే నట్టు పని. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మొదటి సమస్య: నట్టు రెండు మూడు చుట్లు ఎక్కి బిగిసిపోతోంది.

నూటికి తొంభై సార్లు అనుమానం పడాల్సింది త్రెడ్ పిచ్ మీద. 12 ఎం.ఎం. లావు బోల్టుల్లో 1.75, 1.5, 1.25 అని పిచ్‌లు ఉంటాయి. పిచ్ అంటే ఒక త్రెడ్ అంచుకీ పక్క త్రెడ్ అంచుకీ మధ్య దూరం. 1.5కీ 1.25కీ తేడా పావు మిల్లీమీటరు. కంటికి కనపడదు. కానీ నాలుగు చుట్లు తిరిగేసరికి అది పూర్తి 1 ఎం.ఎం. అయిపోతుంది. అందుకే మొదట సరదాగా ఎక్కి, తర్వాత మొండికేస్తుంది. అక్కడ పైపు పెట్టి తిప్పారంటే త్రెడ్ నలిగిపోతుంది. నట్టు బిగిసినట్టే ఉంటుంది, కానీ టేపర్‌ని నొక్కదు.

పిచ్ గేజ్ లేకపోయినా కనిపెట్టొచ్చు. స్టీల్ స్కేల్ తీసుకుని ఒక త్రెడ్ అంచు దగ్గర సున్నా పెట్టండి. దాని తర్వాత 8వ అంచు ఎక్కడుందో చూడండి. 10 ఎం.ఎం. దగ్గర ఉంటే పిచ్ 1.25. 12 దగ్గర ఉంటే 1.5. ఫోన్‌లో మ్యాక్రో మోడ్ పెట్టి ఫొటో తీసి జూమ్ చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో పద్ధతి: పాత స్టడ్, కొత్త స్టడ్ పక్కపక్కన ఆనించి వెలుతురుకి ఎత్తి చూడండి. త్రెడ్లు ఒకదాంట్లో ఒకటి పళ్లచక్రాల్లా కూర్చుని సందు లేకపోతే ఒకటే పిచ్.

ఒక ముఖ్యమైన మాట. కొత్త ఎండ్‌తో పాటు డబ్బాలో కొత్త నట్టు వస్తుంది. అదే వాడండి. "పాత నట్టు గట్టిదండీ" అని పాతది ఎక్కించొద్దు. నైలాన్ రింగు ఉన్న నట్టు ఒకసారి విప్పితే దాని పట్టు తగ్గిపోతుంది. అది మళ్లీ వాడేది కాదు.

రెండో చివర కూడా చూడాలి. ఎండ్ లోపలి రాడ్ మీద ఎక్కే చోట, చేత్తోనే చివరిదాకా తిరగాలి. తిరక్కపోతే ముందు రాడ్‌ని వైర్ బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి మళ్లీ చూడండి. అప్పటికీ ఎక్కకపోతే పిచ్ కొలవండి. కొన్ని బండ్లలో ఒకవైపు ఎడమ త్రెడ్ కూడా ఉంటుంది. పాతది ఎటు తిప్పితే ఊడిందో గుర్తుపెట్టుకోండి.

రెండో సమస్య: నట్టుతో పాటు స్టడ్ కూడా తిరిగేస్తోంది.

ఇందులో పార్ట్ తప్పు ఉండకపోవచ్చు. నైలాన్ నట్టు స్టడ్‌ని గట్టిగా పట్టుకుంటుంది. టేపర్ ఇంకా రంధ్రంలో సరిగ్గా కూర్చోలేదు. రెండు పట్టుల్లో నట్టు పట్టు గెలుస్తోంది, అంతే. ఇంపాక్ట్ గన్ పెట్టి దడదడలాడించొద్దు. లోపల బాల్ వేడెక్కి, కొత్త జాయింట్ కాస్తా అక్కడే అరుగుతుంది.

మూడు దారులున్నాయి. స్టడ్ చివర అలెన్ కీ పట్టే రంధ్రమో, పానా పట్టే చదును గాళ్లో ఉంటే దాన్ని పట్టుకుని నట్టు తిప్పండి. అవి లేకపోతే జాయింట్ కింద చిన్న జాకీ పెట్టి టేపర్ రంధ్రంలోకి ఎక్కేదాకా మెల్లగా ఎత్తి నట్టు తిప్పండి. మెల్లగా అన్నాను, స్టాండ్ మీదున్న బండి లేవకూడదు. మూడోది, అదే పిచ్ ఉన్న మామూలు నట్టు ముందు వేసి బిగిస్తే టేపర్ కూర్చుంటుంది. తర్వాత దాన్ని తీసేసి అసలు నట్టు వేయండి. ఇక స్టడ్ తిరగదు.

ఇంకోటి, టేపర్ మీద గ్రీజు రాయకండి. ఆ భాగం పొడిగా, శుభ్రంగా ఉండాలి. పట్టుకోవాల్సిన చోట జారేది రాస్తే ఎలా?

మూడో సమస్య: స్ప్లిట్ పిన్ రంధ్రం కలవట్లేదు.

కొన్ని కార్లలో కిరీటంలా గాళ్లున్న నట్టు ఉంటుంది, క్యాజిల్ నట్టు అంటారు. ఆ గాడిలోంచి, స్టడ్ రంధ్రంలోంచి ఒక పిన్ను దూర్చి వంచుతారు, నట్టు ఊడకుండా. చెప్పిన టార్క్‌కి బిగించాక గాడి, రంధ్రం ఎదురెదురు రాలేదనుకోండి. చాలామంది కాస్త వెనక్కి తిప్పి కలుపుతారు. అది తప్పు. ముందుకే తిప్పాలి, తర్వాతి గాడి వచ్చేదాకా. గాళ్లు ఆరు ఉంటాయి కాబట్టి మహా అయితే 60 డిగ్రీల లోపే తిప్పాల్సి వస్తుంది. వెనక్కి తిప్పితే టేపర్ మీద నొక్కుడు తగ్గిపోతుంది. పిన్ను నట్టు పడిపోకుండా ఆపుతుందే కానీ టేపర్‌ని బిగించదు.

టార్క్ ఎంత అంటారా? చిన్న కార్లలో చాలావాటికి 30 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే ఫైనల్. 40 అంటే ఎంతో అందాజా కావాలంటే, 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు పదమూడున్నర కిలోల బలంతో లాగినంత. చాలామంది అనుకున్నదానికంటే తక్కువే.

నాలుగో సమస్య, అన్నింట్లోకీ ప్రమాదమైంది: నట్టు ఎక్కింది, బిగిసింది, కానీ టేపర్ కూర్చోలేదు.

దీన్ని కనిపెట్టడానికి కన్ను చాలు. నట్టు పూర్తిగా బిగించాక స్టడ్ రంధ్రం నట్టు దాటి బాగా పైకి వచ్చేసి, పిన్ను గాడికి అందకుండా పోయిందా? అంటే స్టడ్ రంధ్రంలోకి మరీ ఎక్కువ దిగిపోతోంది. ఒకటి స్టడ్ సన్నం కావచ్చు, లేదా నకిల్ రంధ్రం అరిగి పెద్దదై ఉండొచ్చు. ఇలాంటప్పుడే కొందరు వాషర్ వేస్తారు. వాషర్ వేస్తే నట్టు టైట్ అవుతుంది, మనసుకి తృప్తిగా ఉంటుంది. కానీ అరిగిన రంధ్రం అలాగే ఉంది, స్టడ్ లోపల కదులుతూనే ఉంటుంది. కదిలేకొద్దీ రంధ్రం ఇంకా అరుగుతుంది, ఏదో ఒక రోజు స్టడ్ విరుగుతుంది. మూడో ప్రశ్న అడిగిన తమ్ముడికి జవాబు ఇదే. పర్లేదు కాదు, పర్వా ఉంది. రేపే విప్పించి చూడండి.

దీనికి ఉల్టాగా, స్టడ్ చాలా కొంచెమే దిగి, నట్టు నాలుగు త్రెడ్లు కూడా పట్టకపోతే? లోపల మట్టో, తుప్పు పొరో ఉండొచ్చు. తోమి చూడండి. అప్పటికీ అంతే అంటే టేపర్ వేరే. టేపర్లలో కూడా రకాలున్నాయి. 1కి 8 అని ఒకటి, 1కి 10 అని ఒకటి. అంటే 8 ఎం.ఎం. పొడుగుకి 1 ఎం.ఎం. సన్నబడేది ఒకటి, 10 ఎం.ఎం. పొడుగుకి 1 ఎం.ఎం. సన్నబడేది ఇంకోటి. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి.

పరీక్ష చాలా సింపుల్. మార్కర్ పెన్నుతో స్టడ్ టేపర్ మీద పైనుంచి కిందకి మూడు నాలుగు గీతలు గీయండి. రంధ్రంలో పెట్టి నొక్కి కాస్త అటూ ఇటూ తిప్పి తీయండి. గీత మొత్తం పొడవునా చెరిగితే టేపర్ కలిసినట్టు. పైన మాత్రమే, లేదా కింద మాత్రమే చెరిగితే కలవనట్టు. కలవకపోతే ఆ పార్ట్ తిరిగి ఇచ్చేయండి. లేత్ షాపులో స్టడ్ సానబట్టించడం, రంధ్రం పెద్దది చేయించడం వద్దే వద్దు. రంధ్రం అరిగిపోయి ఉంటే నకిలే మార్చాలి. ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ దానికి అడ్డదారి లేదు.

ఐదో సమస్య: పించ్ బోల్టు దూరట్లేదు.

చాలా చిన్న కార్లలో కింది ఆర్మ్ బాల్ జాయింట్‌కి టేపర్ ఉండదు. స్టడ్‌కి ఒక పక్క గాడి ఉంటుంది. నకిల్ దాన్ని రెండు పెదవుల్లా పట్టుకుంటే, ఒక బోల్టు ఆ గాడిలోంచి అడ్డంగా వెళ్తుంది. స్టీరింగ్ కాలమ్ కింద యూనివర్సల్ జాయింట్‌లో కూడా ఇదే పద్ధతి. బోల్టు వెళ్లట్లేదంటే స్టడ్ సరైన ఎత్తులో లేదని అర్థం. సుత్తితో కొడితే బోల్టు త్రెడ్ పోతుంది, గాడి అంచు చెక్కుకుపోతుంది. స్టడ్‌ని ఇంకొంచెం పైకి నెట్టి, రంధ్రంలోంచి టార్చి వేసి గాడి ఎదురుగా వచ్చిందో లేదో చూసి, బోల్టుని వేళ్లతో దూర్చండి.

ఇక్కడ ఒక మోసం ఉంది. షాఫ్ట్ సగమే లోపలికి వెళ్లినా బోల్టు ఖాళీలోంచి హాయిగా దూరిపోతుంది. గాడిని పట్టనే పట్టదు. అంటే నట్టు ఎక్కకపోవడమే కాదు, మరీ తేలిగ్గా ఎక్కినా అనుమానించాలి. బిగించేముందు బోల్టు ఉండగానే షాఫ్ట్‌ని లాగి చూడండి, బయటికి రాకూడదు. కాలమ్ విప్పి ఉన్నంతసేపు స్టీరింగ్ వీల్ తిప్పొద్దు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో లోపలి కేబుల్ చుట్ట తెగిపోతుంది.

ఇక మన డెల్టాకి ప్రత్యేకమైన గొడవ, తుప్పు. టెస్లాకి రోడ్డు ఉప్పు ఏం చేసిందో చెప్పాను కదా. మనకి మంచు లేదు, కానీ ఉప్పుకేం తక్కువ? కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డులో కెరటం ఎగిరి బండి మీద పడుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలి. భీమవరం, ఆకివీడు రూట్లో చెరువుల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. అందుకే ఇక్కడ సగం ఫిట్టింగ్ సమస్యలు విప్పేటప్పుడే మొదలవుతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పాత స్టడ్ ఊడకపోతే దాని తలమీద కొట్టకండి. నట్టు రెండు త్రెడ్లు మిగిల్చి, నకిల్ రంధ్రం పక్కన సుత్తితో కొట్టాలి, లేదా పుల్లర్ వాడాలి.

తుప్పు భయంతో కొందరు హార్డ్‌వేర్ షాపుకెళ్లి మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు తెచ్చి వేస్తారు. తుప్పు పట్టదు నిజమే. కానీ పించ్ బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో రాసి ఉంటుంది, చూడండి. 10.9 అంటే సుమారు 1,000 మెగాపాస్కల్ దాకా తట్టుకుంటుంది. 8.8 అంటే 800. బజార్లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ 70 గ్రేడ్ అంటే 700. మోటారు పంపుకి వేసుకోండి, స్టీరింగ్‌కి వద్దు. తల మీద ఏ అంకే లేని బోల్టు అసలే వద్దు.

పార్ట్ కొనేటప్పుడు "స్విఫ్ట్‌కి ఇవ్వండి" అంటే సరిపోదు. ఒకే పేరు మీద ఏళ్లు మారాయి, మోడల్ మారింది, కొన్నింట్లో పవర్ స్టీరింగ్ ఉన్నదీ లేనిదీ వేరు. చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీయించండి. రాజమండ్రిలో కొన్నా, విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించినా ఇదే రూల్. పాతది చేతిలో పట్టుకెళ్లి కౌంటర్ మీదే పక్కపక్కన పెట్టి చూడండి. బిగించాక తిరిగివ్వడం కష్టం.

చివరిగా అలైన్‌మెంట్. పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. ఒక్క చుట్టు తేడా వస్తే ఏమవుతుంది? పిచ్ 1.5 ఎం.ఎం., నకిల్ మీద స్టీరింగ్ ఆర్మ్ సుమారు 120 ఎం.ఎం. అనుకుంటే చక్రం దాదాపు 0.7 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. టైరు ఒక అంచు గీరుకుపోవడానికి అది చాలు. చుట్లు లెక్కపెట్టడం షెడ్ నుంచి అలైన్‌మెంట్ షాపు దాకా వెళ్లడానికి మాత్రమే. అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి. అది అయ్యాక లాక్ నట్టు బిగించారో లేదో చూడండి, చాలాసార్లు మర్చిపోయేది అదే.

మీలో చాలామంది పానా పట్టరు, నాన్నగారి కారు షెడ్‌లో ఇచ్చి పక్కన నిలబడతారు. మీరు అడగాల్సినవి ఐదే. "బాబాయ్, కొత్త నట్టే వేశారా అండి? స్ప్లిట్ పిన్ కొత్తదేనా? నట్టు చేత్తో ఎన్ని చుట్లు ఎక్కింది? వాషర్ ఏమైనా వేశారా? టార్క్ రెంచి పెట్టారా?" మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ నొచ్చుకోరు, పైగా సంతోషంగా చూపిస్తారు. బిగించాక ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. నట్టు మీద, స్టడ్ మీద కలిపి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీత విరగకుండా ఉంటే నట్టు కదల్లేదన్నమాట.

మొదటి టెస్ట్ డ్రైవ్ ఖాళీ గ్రౌండ్‌లో, నెమ్మదిగా. స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పండి. టక్ మన్నా, ఎక్కడైనా పట్టేసినా ఆపేసి మళ్లీ చూడండి. అంతా బాగుంటేనే కాలువ గట్టు ఎక్కండి.

మీ కారులో ఇంకేదైనా నట్టు మొండికేస్తే కామెంట్‌లో బండి పేరు, సంవత్సరం, వీలైతే స్కేల్ పెట్టి తీసిన ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో స్టీరింగ్ రాక్ బూట్ చిరిగితే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి, ఉంటానండీ.